గైడ్స్‌కి మూడు పండుగల ఏడాది: ఉత్సవంలో మన పని ఏమిటి?

ఈ 2026లో గైడ్స్ ఉద్యమానికి సంబంధించి మూడు పెద్ద తేదీలు ఉన్నాయి. ఫిబ్రవరి 22న ప్రపంచ చింతన దినానికి నూరేళ్లు నిండుతాయి. ఆగస్టు 15న మన దేశంలో గైడ్స్ సంఘం ‘భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్’లో కలిసి 75 ఏళ్లవుతుంది. అక్టోబరు 16న పుణేలోని ‘సంగం’ అనే ప్రపంచ గైడ్ కేంద్రానికి 60 ఏళ్లు వస్తాయి. మన భాషలో చెప్పాలంటే ఒక శతజయంతి, ఒక అమృతోత్సవం, ఒక షష్టిపూర్తి, మూడూ ఒకే ఏడాదిలో.

ఈ మాట క్లాసులో చెబితే, “గైడ్స్ అంటే పరీక్షల ముందు బజారులో కొనేవి కదా?” అని నవ్వినవాళ్లు ఉన్నారు. ఆ గైడు వేరు, ఈ గైడు వేరు. అందుకే ఈ సంచికలో మూడు సంగతులు రాస్తున్నాను. అసలు ఈ గైడ్స్ ఎవరు? ఈ తేదీలు ఎక్కడి నుంచి వచ్చాయి? కోలారు జిల్లాలో, కేజీఎఫ్‌లో ఉన్న మనం ఈ ఉత్సవాల్లో ఎలా చేరాలి, చేరి ఏం చేయాలి? నేను హైస్కూల్లో గైడ్‌ని. ఇప్పుడు కాలేజీలో రేంజర్‌గా ఉన్నాను. కాబట్టి కొంత చదివి రాస్తున్నాను, కొంత చేసి రాస్తున్నాను.

అబ్బాయిల సభకు పిలవకుండానే వచ్చిన అమ్మాయిలు

స్కౌటింగ్ 1907లో ఇంగ్లండులో మొదలైంది. సైన్యంలో పనిచేసిన రాబర్ట్ బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో సుమారు 20 మంది అబ్బాయిలతో ఒక శిబిరం నడిపాడు. వంట, ముడులు, దారి కనుక్కోవడం, దెబ్బ తగిలినవాళ్లకు కట్టు కట్టడం, ఇవన్నీ ఆటలాగా నేర్పాడు. మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. దాన్ని చదివి ఊరూరా అబ్బాయిలు తమంతట తామే జట్లు కట్టుకున్నారు.

1909 సెప్టెంబరులో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల పెద్ద ర్యాలీ జరిగింది. వేల మంది అబ్బాయిల మధ్యలో స్కౌట్ టోపీలు పెట్టుకొని కొందరు అమ్మాయిలు కూడా వచ్చి నిలబడ్డారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. “మేమూ స్కౌట్లమే, మాకూ ఏదైనా కావాలి” అన్నారు. ఆ అడగడం ఫలితంగానే 1910లో అమ్మాయిల కోసం గైడ్స్ సంఘం ఏర్పడింది. బేడెన్ పవెల్ చెల్లెలు ఆగ్నెస్ దాన్ని మొదట నడిపింది.

‘గైడ్స్’ అన్న పేరు వెనుక మన ఉపఖండం ఉంది. వాయవ్య సరిహద్దులో ‘కోర్ ఆఫ్ గైడ్స్’ అనే సైనిక దళం ఉండేది. తెలియని కొండదారుల్లో ముందు నడిచి దారి చూపడం వాళ్లకు పేరు తెచ్చింది. బేడెన్ పవెల్ ఇండియాలో పనిచేసిన మనిషి కాబట్టి ఆ పేరు అమ్మాయిల సంఘానికి పెట్టాడు. మనం ‘గైడ్’ అంటే వెంట నడిచే పిల్ల అనుకుంటాం. పేరు పెట్టిన అర్థం మాత్రం ముందు నడిచేది అని.

మన దేశానికి స్కౌటింగ్ మనకు పక్కనే ఉన్న బెంగళూరుకే మొదట వచ్చింది. 1909లో కెప్టెన్ టి.హెచ్. బేకర్ అక్కడ మొదటి స్కౌట్ దళం పెట్టాడు. 1911లో జబల్‌పూర్‌లో మొదటి గైడ్ కంపెనీ మొదలైంది. కానీ అవి బ్రిటిష్ వాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు మాత్రమే. మన పిల్లలకు ప్రవేశం లేదు.

ఆ గోడను కొట్టినవాళ్లలో అనీ బిసెంట్ ఒకరు. 1916లో మద్రాసులో ఆమె భారతీయ బాలుర కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టింది. ఆమె పేరు మనకు కొత్తేమీ కాదు. మన శ్రీనివాసపురం దాటి పోతే వచ్చే మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన సమాజం కళాశాల ఆమె చలవతో వచ్చిందే. ఉత్తరాదిలో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పేయి సేవా సమితి స్కౌట్లను నడిపారు. ఇట్లా స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఒకటి కాదు, పలు సంఘాలు ఉన్నాయి.

రెండు తేదీలు ఎందుకు?

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన సంగతి ఉంది. స్వాతంత్ర్యం తర్వాత ఈ సంఘాలన్నీ ఒకటి కావాలని నెహ్రూ, మౌలానా ఆజాద్ వంటివారు పట్టుబట్టారు. 1950 నవంబరు 7న అబ్బాయిల సంఘాలు కలిసి ‘భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్’ అయ్యాయి. గైడ్స్ సంఘం మాత్రం ఆ రోజు కలవలేదు. 1951 ఆగస్టు 15న కలిసింది. అంటే పేరులో ‘గైడ్స్’ అన్న మాట ఉన్నా, గైడ్స్ లోపలికి వచ్చింది తొమ్మిది నెలల తర్వాత.

సంస్థ తన 75 ఏళ్లను 1950 నుంచి లెక్కపెట్టింది. ఆ లెక్క ప్రకారం 2025 జనవరి 28 నుంచి ఫిబ్రవరి 3 వరకు తమిళనాడులో తిరుచ్చి దగ్గర మణప్పారైలో వజ్రోత్సవ జాంబోరీ జరిగింది. నవంబరు నెలాఖరున లక్నోలో 19వ జాతీయ జాంబోరీ జరిగింది. జాంబోరీ అంటే దేశం నలుమూలల నుంచి వేల మంది స్కౌట్లు, గైడ్లు వచ్చి గుడారాల్లో వారం రోజులు కలిసి బతికే పెద్ద శిబిరం.

మధ్యలో ఒక సందేహం తీర్చేస్తాను. 75కి వజ్రోత్సవం అంటారేమిటి, వజ్రం 60కి కదా అని మన లెక్చరర్లు కూడా అడిగారు. రెండూ వాడుకలో ఉన్నాయి. మొదట్లో వజ్రం 75కే. 1897లో విక్టోరియా రాణి 60 ఏళ్ల పాలనకు ‘డైమండ్ జూబ్లీ’ అని పేరు పెట్టాక 60కి కూడా ఆ మాట అంటుకుంది. మన దగ్గర ఇప్పుడు 75కి అమృతోత్సవం అన్న మాట బాగా అలవాటైంది.

అసలు విషయానికి వస్తాను. 2025 ఉత్సవాలు అయిపోయాయి, బ్యానర్లు దించేశారు, ఇంకేముంది అని చాలామంది అనుకుంటున్నారు. నా ఉద్దేశంలో అమ్మాయిల 75వ ఏడు ఇప్పుడే వస్తోంది. 1951 ఆగస్టు 15ను మనం గుర్తుపెట్టుకోకపోతే ఇంకెవరూ పెట్టుకోరు. ఆ రోజు స్వాతంత్ర్య దినం కూడా కావడంతో జెండా వందనంలో, మిఠాయిల పంపకంలో అది కలిసిపోతుంది. అదే కాలేజీ ప్రాంగణంలో జెండా ఎగరేశాక పది నిమిషాలు ఈ సంగతి చెప్పడానికి మనకు ఖర్చేమీ కాదు.

మిగిలిన రెండు తేదీల కథ కూడా చెప్పాలి. ఫిబ్రవరి 22 రాబర్ట్ బేడెన్ పవెల్ పుట్టినరోజు, ఆయన భార్య ఓలేవ్ పుట్టినరోజూ అదే. 1926లో అమెరికాలో జరిగిన గైడ్స్ ప్రపంచ సమావేశం ఆ రోజున ప్రపంచంలోని గైడ్లందరూ ఒకరినొకరు తలచుకోవాలని తీర్మానించింది. ఆరేళ్ల తర్వాత 1932లో పోలండ్ సమావేశంలో బెల్జియం నుంచి వచ్చినామె, పుట్టినరోజంటే కానుక ఉండాలి కదా అని లేవదీసింది. అప్పటి నుంచి ఒక్కొక్కరు ఒక్క పెన్నీ ఇవ్వడం మొదలైంది. ఒక్క పెన్నీ ఎవరికీ బరువు కాదు. అందరూ ఇస్తే మాత్రం వేరే దేశంలో ఒక శిబిరం నడుస్తుంది.

‘సంగం’ సంగతి మనకు మరీ దగ్గర. ప్రపంచం మొత్తం మీద గైడ్స్‌కి ఉన్న ప్రపంచ కేంద్రాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. స్విట్జర్లాండులో ఒకటి, మెక్సికోలో ఒకటి, లండన్‌లో ఒకటి, ఆఫ్రికాలో ఒకటి, మన పుణేలో ఒకటి. 1966 అక్టోబరు 16న ఓలేవ్ బేడెన్ పవెల్ దాన్ని ప్రారంభించింది. ఆ తేదీ ఈసారి శరన్నవరాత్రుల్లో పడుతోంది. అది కూడా మనకు ఉపయోగపడుతుంది, ఎట్లాగో కింద రాస్తాను.

హారతి పళ్లెమా, గుడారం తాడా?

సంస్థల వార్షికోత్సవాల్లో అమ్మాయిలకు సాధారణంగా ఇచ్చే పని ఏమిటో మనందరికీ తెలుసు. ముగ్గు వేయడం, అతిథికి బొట్టు పెట్టడం, పూలు చల్లడం, స్వాగత గీతం పాడటం. నేను పాల్గొన్న ఒక ఉత్సవంలో ఇదే జరిగింది. ఏ ఊరో, ఎవరు నిర్వహించారో ఇక్కడ అనవసరం. స్కౌట్ అబ్బాయిలు వెదురు బొంగులు, తాళ్లతో ముఖద్వారం కట్టారు. యూనిఫాంలో ఉన్న మా పదిమందికి హారతి పళ్లేలు ఇచ్చి వరుసలో నిలబెట్టారు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. ముఖ్య అతిథి వచ్చి మా ముందు నుంచి పోవడానికి ఒక నిమిషం పట్టింది. ఆ ముఖద్వారానికి కట్టిన ముడులన్నీ మాకూ వచ్చు. పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చింది కూడా ఆ ముడులకే.

ముగ్గు వేయడం తక్కువ పని అని నేను అనడం లేదు. ముగ్గు వచ్చిన అబ్బాయి ఉంటే అతనూ వేయవచ్చు. నా అభ్యంతరం ఒక్కటే. పని పంచేటప్పుడు ‘ఎవరికి ఏం వచ్చు’ అని అడగాలి, ‘అమ్మాయా, అబ్బాయా’ అని కాదు. గైడ్స్ పుట్టిందే పిలవని సభకు పోయి, మాకూ పని కావాలి అన్న అమ్మాయిల వల్ల. ఆ ఉద్యమం పండుగలో అమ్మాయిలు పళ్లెం పట్టుకొని నిలబడితే, మనం ఏం జరుపుకుంటున్నట్టు?

మన దేశంలో ఇంకో ఉదాహరణ ఉంది. 1964 నుంచి చాలా ఏళ్లు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ జాతీయ కమిషనర్‌గా ఉన్నది ఒక స్త్రీ, లక్ష్మీ మజుందార్. అబ్బాయిలు, అమ్మాయిలు ఇద్దరూ ఉన్న సంస్థను ఆమె నడిపింది. ఢిల్లీలోని జాతీయ ప్రధాన కార్యాలయానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. అంటే పైస్థాయిలో దారి పడి అరవై ఏళ్లవుతోంది. ఆ దారి మన జిల్లా మైదానాల దాకా రావాలి, అంతే.

చేరడం ఎలా?

గైడ్స్‌లో వయసును బట్టి మెట్లు ఉంటాయి. చిన్నపిల్లలు బుల్‌బుల్స్. హైస్కూలు పిల్లలు గైడ్స్. మన వయసు వాళ్లు రేంజర్స్. 25 ఏళ్ల లోపు వరకు రేంజర్‌గా ఉండవచ్చు. కాబట్టి “స్కూల్లో చేరలేదు, ఇప్పుడు ఆలస్యమైంది” అన్న మాటకు అర్థం లేదు. బీఏ, బీకాం, బీఎస్సీ ఎవరైనా చేరవచ్చు. గైడ్స్ నినాదం ‘సిద్ధంగా ఉండు’. రేంజర్స్ నినాదం ‘సేవ’. ప్రవేశం అయ్యాక ప్రవీణ్, నిపుణ్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు వరకు పరీక్షలు ఉంటాయి. జట్టును నడిపే రేంజర్ లీడర్ మహిళే అయి ఉంటుంది. ఇంట్లో చెప్పేటప్పుడు ఈ మాట మొదట చెప్పండి.

ఎందుకంటే మనలో చాలామందికి అసలు పరీక్ష ఇంట్లోనే. మా అవ్వ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, “ఎవురెవురు వస్తారు? రాత్రి ఏడ పండుకుంటారు?” అని. రెండోది, “ఇంతకీ దీన్తో ఏమొస్తుంది?” మొదటిదానికి జవాబు కాగితం మీద ఉండాలి. ఎక్కడికి, ఏ రోజు, ఏ బండిలో, వెంట వచ్చే మేడమ్ ఎవరు, తిరిగి ఎప్పుడు, ఇవన్నీ రాసి మేడమ్ సంతకంతో ఇంటికి పంపితే సగం భయం పోతుంది. మన కాలేజీకి మారికుప్పం బండిలో, బస్సుల్లో దూరం నుంచి వచ్చేవాళ్లు ఉన్నారు. బండి తప్పితే మళ్లీ ఎప్పుడో. అందుకని ఏ కార్యక్రమమైనా సాయంత్రం బండి టైమును బట్టి ముగించాలి. “చీకటి పడకముందే ఇల్లు చేరల్ల” అనే అవ్వలతో వాదించడం కంటే, వాళ్లు ఒప్పుకునేటట్టు టైము పెట్టుకోవడం తెలివైన పని.

రెండో ప్రశ్నకు జవాబు నేను మాటల్లో చెప్పలేదు. మా తమ్ముడు సైకిలు మీద నుంచి పడి మోచేయి చీరుకున్నప్పుడు, నా మెడలోని స్కార్ఫు విప్పి చేతిని గుండెకు ఆనించి కట్టాను. ఆసుపత్రికి పోయేదాకా చెయ్యి కదలలేదు. గైడ్ స్కార్ఫు అలంకారం కాదు, మూడు మూలల కట్టు గుడ్డ. మెడలో వేసుకొని తిరిగేది ఎప్పుడూ చేతికి అందాలనే. అప్పటి నుంచి అవ్వ “యాడికి పోతావు?” అని అడుగుతుంది గానీ, “ఎందుకు పోతావు?” అని అడగడం మానేసింది.

ఉత్సవంలో ఏం చేద్దాం?

మొదటి పని, ఫిబ్రవరి 22. ఈసారి అది ఆదివారం. కాలేజీ ఉండదు కాబట్టి ముందురోజు శనివారం పెట్టుకోవడం మేలు. ఎడమచేతి కరచాలనం గురించి తెలియనివాళ్లకు చెబుదాం. గుండె ఉన్న వైపు చెయ్యి కాబట్టి గైడ్లు ఎడమచెయ్యి కలుపుతారు. పెన్నీకి బదులు ఒక్కొక్కరు ఒక రూపాయి వేద్దాం. అంతకు మించి తీసుకోవద్దు. పది రూపాయలు ఇచ్చే అమ్మాయికి, ఇవ్వలేని అమ్మాయికి ఆ డబ్బా దగ్గర తేడా కనబడకూడదు. ఒక్క పెన్నీ అని పెట్టడంలో ఉన్న సౌకర్యం అదే.

రెండో పని, ఆగస్టు 15 లోపు సేవ. 75 ఏళ్లకు 75 గంటల సేవ అనుకుందాం. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ లెక్క వేస్తే చిన్నదే. 15 మంది ఒక్కొక్కరు 5 గంటలు ఇస్తే 75 గంటలు. అయిదు గంటలంటే నాలుగు శనివారాలు గంటా పావు చొప్పున. ఏ సేవ అన్నది ముందే తేల్చుకోవాలి. మొక్క నాటి, ఫోటో తీసి, నీళ్లు పోయకుండా వచ్చే సేవ మాత్రం వద్దు. మన ఊళ్లలో అలాంటి గుంతలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

నా సూచన ప్రథమ చికిత్స. ముందు మనం నేర్చుకొని, తర్వాత దగ్గరి ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు నేర్పుదాం. కాలిన చోట పేస్టు, పసుపు పూయకుండా మామూలు చల్లటి కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు పోయడం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం. విరేచనాలైన బిడ్డకు ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టడం. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మంచికి బదులు చెడు జరుగుతుంది. ఈ మూడు సంగతులు పిల్లలకు కన్నడంలో, తెలుగులో, తమిళంలో చెప్పగలిగినవాళ్లు మన క్లాసులో ఉన్నారు. కేజీఎఫ్‌లో పుట్టిన పిల్లకు మూడు భాషలు రావడం సహజం. దాన్ని మనం ఎప్పుడూ చదువుగా లెక్కపెట్టలేదు. ఇక్కడ అదే మన బలం.

‘సిద్ధంగా ఉండు’ అన్న మాట ఈ ఊరికి ఎట్లా సరిపోతుందో మా వీధిలోని ఒక పెద్దమ్మ చెప్పింది. ఆమె చిన్నప్పుడు గైడ్. గనులు నడిచే రోజుల్లో లోపల రాయి పగిలితే పైన ఇళ్లు కదిలేవి, అలమారలో సామాన్లు కింద పడేవి. మూడు కిలోమీటర్లకు పైగా లోతున తవ్విన ఊరు ఇది. అట్లా కదిలినప్పుడు చిన్నపిల్లలను ఆరుబయటికి తెచ్చి వరుసలో కూర్చోబెట్టి తల లెక్క పెట్టడం తన పని అని చెప్పింది. “గైడు కదా, నేను ఏడిస్తే ఎట్ల?” అంది. అప్పుడామెకు పదమూడేళ్లు. లోపలికి పోయిన నాయన పైకి వచ్చేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదట.

ఆ మాటల నుంచే మూడో పని వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఈ ఫిబ్రవరితో ఆ మూసివేతకు 25 ఏళ్లు. కుటుంబాలు బెంగళూరుకు, చెన్నైకి, ఇంకా దూరాలకు చెదిరిపోయాయి. ఉన్నవాళ్లలో వేల మంది తెల్లవారుజామున బండెక్కి బెంగళూరు పోయి రాత్రికి వస్తారు. కాలనీల్లో, బడుల్లో గైడ్లుగా ఉన్న ఆడపిల్లలు ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మలు. వాళ్ల యూనిఫాం బెల్టులు, బ్యాడ్జీలు, గ్రూపు ఫోటోలు ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి. ఉత్సవ సంచికల్లో పెద్ద పెద్ద పేర్లు వస్తాయి. వీళ్ల పేర్లు ఎవరో ఒకరు పోయి అడిగితేనే వస్తాయి.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. ‘మీ గైడింగ్ అనుభవాలు చెప్పండి’ అంటే “ఏముందమ్మా, అన్నీ మరిచిపోయినా” అంటారు. చిన్న ప్రశ్నలు వేయాలి. స్కార్ఫు ఏ రంగు? శిబిరానికి పోతే ఏం వండుకున్నారు? ఇంట్లో ఎవరు వద్దన్నారు? ఎవరు పంపించారు? ఏ ముడి ఇంకా గుర్తుంది? చేతికి ఒక తాడు ఇవ్వండి. మాట రాకపోయినా వేళ్లకు గుర్తుంటుంది. మా వీధి పెద్దమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూనే రీఫ్ నాట్ వేసేసింది. వాళ్లు మాట్లాడిన తెలుగును మాట్లాడినట్టే రాయండి. ‘ఏడ’ అన్నది ‘ఎక్కడ’ అని దిద్దవద్దు. మన ప్రాంతపు తెలుగు పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది. తెలుగు విభాగం చేయగల పని ఇది, ఇంకే విభాగమూ చేయదు. ఫోటో అడిగి తీసుకోకండి, వాళ్ల ముందే మొబైల్‌తో ఫోటో తీసుకొని అసలుది చేతికి ఇచ్చేయండి. పేరు వేయాలా వద్దా అన్నది వాళ్లనే అడగండి.

ఇట్లా సేకరించింది అక్టోబరులో చూపించుకోవచ్చు. సంగం షష్టిపూర్తి నవరాత్రుల్లో వస్తోందని రాశాను కదా. మన ఇళ్లలో దసరాకు బొమ్మల కొలువు పెడతాం. ఈసారి సెలవులు మొదలయ్యేలోగా మన డిపార్టుమెంటులో ఒక కొలువు పెడదాం. పై మెట్టు మీద ఆ అవ్వల ఫోటోలు, బ్యాడ్జీలు. దాని కింద మెట్టు మీద మనం వేసిన ముడులు, వెదురుతో కట్టిన చిన్న గుడారం, వంతెన. చివరి మెట్టు మీద 75 గంటల సేవ పుస్తకం, ఏ రోజు ఎవరు ఎక్కడ ఏం నేర్పారో రాసినది. పేరంటానికి పిలిచినట్టు ఆ అవ్వలను పిలుద్దాం. బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వాల్సిన అతిథులు వాళ్లే. అప్పుడు నేను కూడా సంతోషంగా హారతి పళ్లెం పడతాను.

దీనికంతా డబ్బు ఎంత అని అడుగుతారు. వెదురు, తాళ్లు, చార్టులు, కట్టు గుడ్డలు, ఇంతే. గుడ్డలకు పాత కాటన్ చీరలు చాలు. ఒక చీరకు ఎన్నో కట్టు గుడ్డలు వస్తాయి. ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి. బయటి నుంచి చందాలు వద్దు. చందా ఇచ్చినవాళ్లకు వేదిక ఇవ్వాలి, వేదిక ఇస్తే సన్మానం పెట్టాలి, సన్మానం పెడితే మళ్లీ మనం వరుసలో నిలబడాలి.

చేరదలచినవాళ్ల కోసం ఈ గోడ పత్రిక పక్కనే ఒక కాగితం అతికించాను. అందులో మూడు గడులున్నాయి: పేరు, సెక్షను, ‘నాకు వచ్చిన పని’. మూడోది ఖాళీగా వదలకండి. వంట వచ్చా, ఈత వచ్చా, టైపింగ్ వచ్చా, సైకిలు పంక్చరు వేయడం వచ్చా, మూడు భాషల్లో గట్టిగా మాట్లాడటం వచ్చా, ఏదైనా రాయండి. పనులు పంచేది ఆ గడిని చూసే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల బెల్లు తర్వాత తెలుగు విభాగంలో కలుద్దాం. ఒక తాడు తెచ్చుకోండి, పాత చీర అంచు అయినా సరే.